మడిచీరతో నాయనమ్మ

నా చిన్నప్పుడు కార్వేటినగరంలో, గుడి సేవ చేసుకునే మా వాళ్ళ వీధిలో, ఆడపిల్ల పదో తరగతి దాకా రావడమే గొప్ప. అర్చకత్వం చేసే మా నాయన నన్ను బడికి పంపుతున్నందుకు నలుగురి చేతా మాటలు పడేవాడు. పదో తరగతి పరీక్షలు తప్పితే ఇక చదువు మాన్పిస్తానని ముందే చెప్పేశాడు.

లెక్కల పరీక్ష నాటి ఉదయమే నేను బయట చేరాను. అలాంటప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళు మూడు రోజులు పెరటి వసారాలోనే ఉండాలి. గడప తొక్కకూడదు, ఎవరినీ తాకకూడదు, పుస్తకం ముట్టకూడదు. అమ్మ నా హాల్‌టికెట్టు చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక ఏడుస్తోంది. నాకు కాలు నిలవడం లేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవాల్సింది అనుకుంటాను, నాయన గుడి నుంచి వచ్చేలోపు గోడ దూకేద్దామా అనుకుంటాను. గోడ అవతల బడికి పోయే పిల్లల మాటలు దగ్గరై, మళ్ళీ దూరమయ్యాయి.

అంతలో మా నాయనమ్మ బావి దగ్గర స్నానం ముగించి వచ్చింది. మడి విషయంలో ఇంట్లో అందరికంటే కఠినం ఆమే. మడిలో ఉంటే పసిబిడ్డ ఏడ్చినా ఎత్తుకునేది కాదు. వంటింట్లోకి పోవలసిన మనిషి, తడిచీరతో నేరుగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. భయపడి లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నిన్ను తాకినాను, ఇంక నేనూ మైలే. వంట చేసేదానికి లేదు. ఇద్దరం ఈడ కూర్చొని ఏం చేస్తాం? పద, బడికి పోదాం."

అమ్మ చేతిలోని హాల్‌టికెట్టు అందుకుని, పెరటి తలుపు తీసుకుని వీధిలోకి వచ్చాం. ఎదురింటి మామ మమ్మల్ని చూసి దారిలోనే నిలబడిపోయాడు.

"ఏందత్తా, తడిచీరతో యాడికి?"

"పిల్లకు లెక్కల పరీక్ష ఉండాది. దారియ్యప్పా."

నేను రాసి వచ్చేసరికి ఆమె బడి గేటు పక్కన కూర్చుని ఉంది. చీర ఒంటిమీదే ఆరిపోయింది. ఎలా రాశావని అడగలేదు. సాయంత్రం నాయన కోపంగా ఏదో అనబోతే, "తాకింది నేను. ప్రాయశ్చిత్తం ఏమన్నా ఉంటే నాకు చెప్పు" అంది. నాయన తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను పాసయ్యాను, ఆ పైన కూడా చదువుకున్నాను.

నాయనమ్మ మాత్రం మారలేదు. పోయేదాకా అదే మడి, అదే కఠినం. ఆ నియమాల మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది. కానీ తను అంతగా నమ్మినదాన్ని ఆమె నా కోసం ఒక పూట పక్కన పెట్టిందే, అది ఎంత పెద్ద పనో ఆమె వయసుకొచ్చాక తెలుస్తోంది. ఇప్పుడు నా మనవరాలు నాకు నచ్చనిది ఏదైనా అడిగితే, కాదనబోయి ఒక్క క్షణం ఆగుతాను.