బోడికారుకు కొత్త బ్రేకులు

మా చిన్నప్పుడు... సిరొంచ దారిలో ఎర్రటి కారు ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తే, మా ఊరు బామ్ని పిల్లలమంతా "బోడికారొచ్చింది!" అని ఉరికేవాళ్లం. పైకప్పు లేదు కాబట్టి ఆ పేరు. ఇద్దరికే చోటు... ఎప్పుడో ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు.

అది మా పెద్దబాపుది, అంటే మా నాన్న అన్నది. మా తాత ఒకరి పొలాల్లో కూలి చేశాడు. పెద్దబాపు ట్రాక్టర్ల మరమ్మతు నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నాగపూర్‌లో ఓ బంగళా వెనక తుప్పు పడుతున్న ఆ కారును చూసి మనసుపడి తెచ్చాడు. ఏళ్ల తరబడి బాగుచేసి రోడ్డెక్కించాడు. ఆదివారం వస్తే పక్కన మా పెద్దమ్మ రాజవ్వ... గాలికి చెదరకుండా కొంగు తలకు చుట్టుకుని, నవ్వు ఆపుకుంటూ కూర్చునేది.

ఒక వానాకాలం... ఇద్దరూ వాగు దాటి గట్టెక్కి, అవతలి పల్లంలోకి దిగుతున్నారు. ఎదురుగా ఎడ్లబండి. పెద్దబాపు బ్రేకు తొక్కాడు. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే... లోపలికి నీళ్లు చేరి పట్టు వదిలేశాయి. ఎడ్లను తప్పించబోయి పొలంలోకి దింపేశాడు. బురదలో కారు ఆగింది గానీ, పెద్దమ్మ ముంజేయి విరిగింది.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజు ఆమె అరవలేదు.

"ఇగ నేనీ బండి ఎక్కనే ఎక్క. నువ్వెక్కినా నేను చూడ."

అంతే.

పెద్దబాపు చాలా రోజులు కారు మీది టార్పాలిన్ తీయలేదు. పాత కార్లంటే ప్రాణమిచ్చే నాగపూర్ స్నేహితుడొకాయన వచ్చి, బ్రేకులు మాత్రం మార్చొద్దని, అసలు సామాను పోతే కారుకు విలువే ఉండదని చెప్పి వెళ్లాడు. ఆయన పోయాక పెద్దబాపు వాకిట్లో బీడీ ఆరిపోయినా పారేయకుండా కూర్చున్నాడు.

"మనిషే భయపడ్డంక బండికి ఇలువేంది..." అన్నాడు. మాతో కాదు, తనతోనే.

మర్నాటి నుంచి పని మొదలు. తుక్కుకు పోయిన ఒక వ్యాను నుంచి ముందు చక్రాలకు, నీళ్లు తగిలినా త్వరగా పట్టు దొరికే డిస్కు బ్రేకులు తెచ్చాడు. అవి ఇందులో ఇమడవు. ఇనుప పలక కోయించి, రంధ్రాలు వేయించి, బిగించి చూసి, చక్రానికి తగులుతోందని మళ్లీ ఊడదీసి... బ్రేకు నూనె పంపే సిలిండరు కూడా మార్చాడు. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి.

"ఒకటి ఇడిసినా ఇంకోటి పడుతది," అని నాకు చూపించేవాడు... వంటింట్లో పెద్దమ్మకు వినబడేంత గట్టిగా.

మరుసటి వానలకు గానీ పని ఒక కొలిక్కి రాలేదు. చివరికి బ్రేకు నూనె పైపుల్లోని గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి... ఒకరు పెడల్ తొక్కితే ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి. షెడ్డు మనుషులంతా నాట్లకు పోయారు. నా కాలు పెడల్‌కు అందలేదు.

"రాజవ్వా... జర రావా?"

పెద్దమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది. "ఎక్కనన్న గదా."

"నడుస్తలేదు గదనే... నిలబడే ఉన్నది."

బయట నుంచే కాలు పెట్టబోయింది. కుదరలేదు. కాసేపు ఆ డ్రైవరు సీటు వంక చూసి... కూర్చుంది.

"తొక్కు... అట్లనే పట్టు... ఆఁ, ఇడువు."

నట్టుకు తగిలించిన సన్నటి గొట్టంలోంచి సీసాలోకి బుడగలు. మొదట్లో మెత్తగా కిందిదాకా పోయిన పెడల్ పోనుపోను గట్టిపడింది.

"ఇప్పుడు రాయి లెక్క ఉన్నది," అంది పెద్దమ్మ.

"గాలి పోయింది," అంటూ పెద్దబాపు చేతులు తుడుచుకుని లేచాడు.

ఆమె దిగలేదు. పక్క సీట్లోకి జరిగింది. "నడు... ఆ వాగు కాడికే."

నన్ను ఎక్కించుకోలేదు. నేను ఊరుకుంటానా... సైకిలేసుకుని వెనకే పడ్డాను. కారు వాగు నీళ్లలోంచి దాటింది. గట్టెక్కి పల్లంలోకి దిగింది. పెద్దమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకుంది. పెద్దబాపు బ్రేకు తొక్కాడు... కారు అటూ ఇటూ గుంజకుండా తిన్నగా ఆగిపోయింది.

పెద్దమ్మ తలుపు వదిలి కొంగు సర్దుకుంది. మెల్లగా అంది...

"మల్ల ఒక్కపారి ఆపు."

వెనక్కి తీసి మళ్లీ దింపాడు. మళ్లీ ఆగింది. మళ్లీ అడిగింది. ఆ వాన తుంపర్లో ఇద్దరూ పగలబడి నవ్వుతూ ఆ పల్లం ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు...

ఇప్పుడు నేను కారు సర్వీసుకిస్తే అద్దాల గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. బ్రేకులు చూశామని ఫోనుకు మెసేజ్ వస్తుంది. పని బాగానే చేస్తారు... కానీ నట్టు దగ్గర ఒకరు, పెడల్ దగ్గర ఒకరు, ఒకరి మాట కోసం ఒకరు ఆగడం మాత్రం ఎక్కడా కనిపించదు.

మీ ఇంట్లోనూ ఇద్దరు కలిస్తే తప్ప కాని పని ఏదైనా ఉండేదా? కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.