తాతయ్య పేరుమీద గీత

మా చిన్నప్పుడు... సంస్కారం ఆదివారం, అంటే గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు, వస్తోందంటే ఆ వాసన ముందు మా ఇంట్లోనే తెలిసేది. తెనాలి నుంచి తెచ్చిన ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, పిసికి, ఉతికిన పంచెగుడ్డలో వడకట్టి, ఆ రసం జాడీలో పోసి వాసెన కట్టేది అమ్మ. కొలకలూరు అవతల మా పల్లెలో ఉన్న చిన్న గుడికి ఆ రసం చేసే పని మా అమ్మది. ప్రభువు బల్లమీద పెట్టేది తన చేతి రసమని ఆవిడకి ఎంత గొప్పో...

పాస్టరుగారు మూడు నెలలకోసారి వచ్చేవారు. ముందురోజు, శనివారం మధ్యాహ్నం, సంస్కారం తీసుకునేవాళ్ళంతా గుడిలో పేర్లు ఇచ్చుకోవాలి. ఒక్కో పేరూ పైకి చదివేవారు. ఎవరిమీదైనా తప్పు ఉంటే అక్కడే అందరి ముందూ అడిగేవారు. తప్పంటే మా ఊళ్ళో ముఖ్యంగా కల్లే!

మా తాతయ్య, అంటే నాన్న తండ్రి, కడుపునొప్పి మనిషి. పొద్దున్నే చెంబుడు తాటికల్లు తాగితేగానీ పొలం వెళ్ళలేకపోయేవాడు. దీనిమీద ఆయనకీ మా ఉపదేశిగారికీ ఎప్పుడూ వాదనే. ఉపదేశిగారంటే పాస్టరుగారు లేనప్పుడు గుడి నడిపే పెద్దమనిషి. మాకు సండే స్కూల్ సారు కూడా ఆయనే.

"కడుపు బాగోకపోతే కొంచెం పుచ్చుకోమని వాక్యంలోనే ఉందంట కదండీ..." అనేవాడు తాతయ్య.

"ఉంది. కానీ అక్కడున్నది ద్రాక్షరసం. కల్లని ఎక్కడుందో చూపించు!"

"మనూళ్ళో ద్రాక్షతోట ఏదండీ? దేవుడు మనకి తాళ్ళేగా ఇచ్చాడు!"

అందరూ నవ్వేవాళ్ళు... నేను తప్ప. నాకప్పుడు పదకొండేళ్ళు. వాక్యాలు అప్పజెప్పడంలో ఏటా నాకే ప్రైజు. రాసింది రాసినట్టే నమ్మాలనీ, అవునంటే అవును, కాదంటే కాదు అనాలనీ ఉపదేశిగారు చెప్పింది నాకు బాగా ఒంటబట్టింది. ఎంత పొగరో నాకు!

ఆ ఏడు ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో తాతయ్య కల్లు మానేశాడు. నలభై రోజులూ ముట్టలేదు. నొప్పి వస్తే పొట్టమీద తడిగుడ్డ వేసుకుని పడుకునేవాడు. ఈస్టరు తర్వాత సంస్కారానికి పేరు ఇస్తానని కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అమ్మ రసం చేసి సిద్ధంగా పెట్టింది. తీరా పాస్టరుగారు బాపట్లలో సభలకి వెళ్ళడంతో సంస్కారం రెండు వారాలు వెనక్కి పోయింది.

ఇంకో మూడు రోజులుందనగా, గురువారం పొద్దున తాతయ్యకి నొప్పి ముదిరి మంచంమీద ముడుచుకుపోయాడు. చూడలేక అమ్మే నా చేతికి చెంబిచ్చి పంపింది. కల్లు తెచ్చింది నేనే. ఆయన రెండు గుక్కలు తాగి, "చాలమ్మా... నా మాట పోయింది" అని మిగతాది పెరట్లో పారబోశాడు.

శనివారం గుడిలో తాతయ్య పేరు చదివారు. వెనకనుంచి ఎవరో ఏదో గొణిగారు. తాతయ్య లేచి నోరు తెరిచేలోపే, ముందు వరసలో కూర్చున్న నావంక చూశారు ఉపదేశిగారు.

"రూతమ్మా, నువ్వు అబద్ధం ఆడవు. తాతయ్య కల్లు ముట్టాడా? అవునో కాదో చెప్పు."

"అవునండి."

అంతే అన్నాను. నలభై రోజుల సంగతి చెప్పలేదు. నొప్పి సంగతి చెప్పలేదు. తెచ్చింది నేనేనని అసలే చెప్పలేదు. తాతయ్య కూడా ఇంకేమీ అనలేదు... అమ్మ పేరూ నా పేరూ బయటికి రాకూడదనుకున్నాడేమో. పాస్టరుగారు కాగితంలో ఆయన పేరుమీద గీత కొట్టేశారు. ఉపదేశిగారు నా తల నిమిరారు. నాకు సంతోషం వేసింది కూడా. ఇన్నేళ్ళయినా నన్ను తినేస్తున్నది ఆ సంతోషమే.

మర్నాడు పొద్దున జాడీ గుడికి మోసుకెళ్ళే పని నాది. వాసెన విప్పి చూద్దును కదా, పైన నురగ! రెండు వారాల ఎండకి రసం పొంగిపోయింది. గురువారం చెంబులోంచి వచ్చిన వాసనే ఇదీ... అమ్మకి చెబుదామంటే మళ్ళీ ద్రాక్ష ఎక్కడిది? గుడి గంట కూడా కొట్టేశారు. మాట్లాడకుండా వాసెన బిగించి ఎత్తుకుపోయాను.

గుమ్మం పక్కన ఆఖరి చాపమీద కూర్చుని ఉన్నాడు తాతయ్య. నేను పక్కనుంచి వెళ్తుంటే ముక్కు ఎగబీల్చాడు. ఆ వాసన ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

"పులిసిందే తల్లీ..."

"చెప్పెయ్యనా తాతయ్యా?"

"ఎందుకూ... మీ అమ్మకి మాటొస్తుంది. తీసుకెళ్ళు."

ఊళ్ళో పెద్దవాళ్ళంతా మోకరించి ఆ గిన్నెలోది తాగారు. మిగిలింది ఉపదేశిగారు పూర్తిచేసి, బయటికొచ్చాక అమ్మతో "ఈసారి రసం బాగా కుదిరిందమ్మా!" అన్నారు. తాగనిది ఒక్క తాతయ్యే...

ఆ తర్వాత ఆయన కల్లు ముట్టలేదు. సంస్కారానికి పేరూ ఇవ్వలేదు. ప్రతి ఆదివారం వచ్చి అదే చాపమీద కూర్చుని, అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే తల వంచుకునేవాడు. నేను పదో తరగతికొచ్చాక ఒకరోజు ధైర్యం చేసి అడిగాను... "కల్లు ఎప్పుడో మానేశావుగా తాతయ్యా, పేరు ఎందుకివ్వవూ?"

"ఇస్తే మళ్ళీ నిన్నే లేపి అడుగుతారుగా అమ్మడూ..." అన్నాడు.

ఆయన పోయేదాకా పేరు ఇవ్వనేలేదు.

ఇప్పుడు రేపల్లెలో మేం వెళ్ళే చర్చికి రసం సీసాల్లో వస్తోంది. ఎవరి కప్పు వాళ్ళదే. పేర్లు ఎవరూ చదవరు, ఎవరినీ ఏమీ అడగరు. చాపలు పోయి కుర్చీలొచ్చాయి. అయినా కప్పు చేతికి రాగానే వెనక్కి, గుమ్మం వైపు ఒకసారి చూస్తాను...

నిజమే చెప్పి తప్పు చేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు...