రాక్షసబల్లి పూర్వాశ్రమం

గోదావరి జిల్లాల్లో ఒక జబ్బుంది. కొత్త మనిషి కనపడితే పేరడగరు. "ఏ ఊరండీ తమది? ఎవరి తాలూకండీ?" అని మొదలుపెడతారు. రైల్లో పక్కన కూచున్న పాపానికి తాతముత్తాతల దాకా చెప్పుకోవాలి. రెండు స్టేషన్లు దాటేలోపు ఏదో ఒక వరస కలిపేస్తారు. కలవలేదా, ఆ మనిషి మీద అనుమానమే. పాలకొల్లు చంద్రరావుకి ఈ జబ్బు బాగా ముదిరింది. ముదిరి ముదిరి చివరికి ఒక రాక్షసబల్లి దగ్గర తేలింది.

చంద్రరావు నాటకాలాయన. అలాగని రాజు వేషం అనుకునేరు! ముప్ఫై ఏళ్ళు పద్యనాటకాల్లో ఆయన వేసినవి ద్వారపాలకుడు, దూత, మంత్రుల్లో రెండోవాడు. "జయము జయము మహారాజా" అనడం, బల్లెం పుచ్చుకుని నించోవడం, అంతే. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని, రాగం ఊరి పొలిమేర దాకా సాగదీసి వదిలితే జనం "వన్స్ మోర్!" అని కేకలేస్తారు. ఆ కేక పడిందంటే యుద్ధమైనా సరే ఆగాలి. నటుడు ముందుకొచ్చి, జనానికి దణ్ణం పెట్టి, పద్యం మళ్ళీ పాడాలి. అదీ మర్యాద. చచ్చి పడున్నవాడు లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

చంద్రరావుకి ముప్ఫై ఏళ్ళలో ఒక్క వన్స్ మోర్ పడలేదు. బల్లెంవాడికి ఎవరేస్తారు?

"ఒక్కటి పడితే చాలు సత్యం, ఒక్కటంటే ఒక్కటి! ఇంక ఈ జన్మకి ఏమీ అడగను" అనేవాడు భార్య సత్యలక్ష్మితో.

"ఇంట్లో మీ చేత ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంటున్నానుగా, అది చాలదా?" అనేది ఆవిడ. ఆయన నాటకం ఒక్కటి కూడా చూసి ఎరగదు. "గుమ్మం దగ్గర నించునే వేషానికి అంతదూరం రావాలా? మన గుమ్మంలో నించోండి, చూస్తాను" అనేది.

టీవీలొచ్చి నాటకాలు అడుగంటాయి. చంద్రరావు బల్లెం అటకెక్కింది. అలాంటి రోజుల్లో, రెండువేల ఒకటో సంవత్సరంలో, చెన్నైలో డబ్బింగ్ స్టూడియోలో పనిచేసే బావమరిది మురళీకృష్ణ ఫోన్ చేశాడు.

"బావగారూ, ఇంగ్లీషు బొమ్మల సినిమా ఒకటి తెలుగులోకి తెస్తున్నామండి. అంతా రాక్షసబల్లులే. అందులో ఓ ముసలాయన ఉన్నాడు. గొంతు చెప్పేవాడికి జలుబు చేసింది. రాగలరా?"

సంచీలో రెండు జతల బట్టలు కుక్కుకుని చంద్రరావు రైలెక్కేశాడు.

స్టూడియోలో బొమ్మ వేసి చూపించారు. కరువొచ్చి రాక్షసబల్లులన్నీ మంద కట్టి పచ్చిక వెతుక్కుంటూ వలస పోతున్నాయి. అందరికన్నా వెనకాల ఒక ముసలాయన. ఒక కొమ్ము సగానికి విరిగింది. ఏరు పొంగుతుంది. ఒక పిల్ల రాక్షసబల్లి ఆగి వెనక్కి చూస్తుంది. ముసలాయన, "నువ్వు పద. నేను వెనకాలే వస్తాను" అంటాడు. మళ్ళీ కనపడడు. మూడే మూడు సెకన్లు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు చంద్రరావు మైకు ముందు నించుని.

"ముసలి డైనోసార్ అండి" అన్నాడు సౌండు ఇంజనీరు.

"అది కనపడుతూనే ఉంది కదండీ! ఏ ఊరు? కొమ్ము ఎందుకు విరిగింది? పెళ్ళాంపిల్లలేరీ? అందరూ గుంపుగా పోతుంటే ఈయనొక్కడూ వెనకెందుకు నడుస్తున్నాడు?"

"కథలో లేదండి."

"కథలో లేకపోతే మాత్రం? ఒక పుట్టుకా పూర్వోత్తరం లేకుండా గుడ్డులోంచి ఊడిపడ్డాడా?"

ఇంజనీరు కాస్త ఆలోచించి, "గుడ్డులోంచేనండి" అన్నాడు.

ఆ పూట పదకొండు టేకులయ్యాయి. "వస్తాను" దగ్గర చంద్రరావు రాగం తీసేవాడు. తెర మీద ముసలాయన నోరు మూసుకుని ఏట్లో దిగిపోయినా, ఈయన ఇంకా సాగదీస్తూనే ఉండేవాడు. చివరికి మురళీకృష్ణ గడ్డం పుచ్చుకుని బతిమాలితే, పన్నెండోసారి ఉసూరుమంటూ మామూలుగా అనేశాడు. "ఓకే" అన్నారు.

పాలకొల్లులో దిగిన దగ్గర్నించీ రాక్షసబల్లి చరిత్ర మొదలైంది. పల్లంరాజు కాఫీ హోటల్లో పొద్దునా సాయంత్రమూ అదే పురాణం.

"మెట్ట ప్రాంతం మనిషండీ ఆయన. బురదలో అడుగెయ్యడం చేతకాదు, నడకలోనే తెలిసిపోతోంది."

"తుని అవతలేమోనండి" అన్నాడు పల్లంరాజు గ్లాసులు కడుగుతూ.

"ఆయ్! తుని పక్కనే."

"కొమ్ము మాత్రం గట్టు తగాదాలోనే పోయుంటదండి. దాయాదులు ఊరుకుంటారా?"

రిటైరైన నాగేశ్వరప్రసాద్ మేష్టారు రెండు పూటలు విని, మూడోపూట, "గడ్డి తినే రకం కదండీ, పెద్దమనిషే. మా మేనమామ ఒకాయన అచ్చం ఇలాగే వెనకాల నడిచేవాడు" అన్నారు. వారం తిరక్కుండా ఆ రాక్షసబల్లి మేష్టారికి మేనమామ వరసైంది. ఎవరూ బొమ్మ చూడలేదు సుమండీ!

"గట్టు తగాదా కాదండీ" అన్నాడు చంద్రరావు ఒకరోజు తన అరుగు మీద కూచుని. "ఆయన మందకి నాయకుడు కావలసినవాడు. అన్నీ నేర్చుకున్నాడు. ఆ రోజు అందరికన్నా ముందుకెళ్ళి నించున్నాడు కూడా. తీరా పాత నాయకుడు ఆలస్యంగా ఊడిపడ్డాడు. 'మీరు పదండి, నేను వెనకాల ఉంటాను' అని ఈయనే తప్పుకున్నాడు. అప్పట్నించీ వెనకే."

గుమ్మంలో కూచుని పప్పులో రాళ్ళేరుతున్న సత్యలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. మేష్టారూ పల్లంరాజూ వెళ్ళేదాకా ఊరుకుంది.

"ఆ కొమ్ము ఎక్కడ విరిగిందో నాకు తెలుసండి" అంది. "తుని స్టేజీ మీద."

పాతికేళ్ళనాటి మాట. తునిలో రాజు వేషగాడికి రైలు తప్పిపోతే నాటకం కంట్రాక్టరు చంద్రరావుకి కిరీటం పెట్టాడు. పద్యాలన్నీ కంఠతా వచ్చు. తెర లేవబోతుండగా అసలాయన లారీ దిగి పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ అడక్కుండానే చంద్రరావు కిరీటం తీసి ఆయన చేతికిచ్చి బల్లెం పుచ్చుకున్నాడు. మర్నాడు ఇంటికొస్తే, చెవుల వెనక మిగిలిపోయిన రాజు రంగుని సత్యలక్ష్మే కొబ్బరినూనె రాసి తుడిచింది. బల్లెంవాడికి ఇంత రంగేంటని అడిగితే ఆ ఒక్కసారే చెప్పాడు.

వేసవి సెలవుల్లో సినిమా వచ్చింది. మార్నింగ్ షోకి వీధి వీధంతా బయల్దేరింది. పల్లంరాజు హోటలు మూసేశాడు. సత్యలక్ష్మి కూడా కొత్త చీర కట్టింది. "ఫ్యాను కింద కాసేపు కూచోవచ్చని వస్తున్నాను, మీకోసం కాదు" అంది.

తెర మీద ఏరు పొంగింది.

"అదుగో! ఆయనే!"

"ఏడండీ?"

"ఆ చివర్న! కొమ్ము, కొమ్ము చూడండి!"

"మా మేనమామ నడకేనండీ బాబూ!" అని అరిచారు మేష్టారు.

ఆ గోలలో మూడు సెకన్లూ కాస్తా అయిపోయాయి. మంద అవతలి ఒడ్డు ఎక్కేస్తోంది. "ఏమన్నాడండీ? అన్నాడా, ఇంకా అనాలా?" అన్నాడు పల్లంరాజు. ఒక్కరికీ వినపడలేదు. చంద్రరావు కుర్చీలో కుంగిపోయాడు. ఎవర్నని ఏం లాభం? ఆ చరిత్రంతా వాళ్ళకి నూరిపోసింది తనే.

"వన్స్ మోర్!"

ఆడగొంతు. చంద్రరావు ఉలిక్కిపడి చూశాడు. సత్యలక్ష్మి లేచి నించుంది. మొహం ఎర్రబడింది, చెయ్యి పైకెత్తింది. "వన్స్ మోర్! వెయ్యండి మళ్ళీ!"

నాటకాల ఊరు, మర్యాద తెలిసిన జనం. పల్లంరాజు అందుకున్నాడు, మేష్టారు అందుకున్నారు, ఏంటో తెలియకపోయినా పిల్లలంతా అందుకున్నారు. హాలు దద్దరిల్లింది. పాటలు రెండేసిసార్లు వేసి అలవాటైన ఆపరేటరు లైట్లు వేసి, రీలు వెనక్కి తిప్పి, లైట్లు ఆర్పాడు.

ఈసారి హాల్లో చడీచప్పుడు లేదు. ఏరు పొంగింది. పిల్ల వెనక్కి చూసింది.

"నువ్వు పద. నేను వెనకాలే వస్తాను."

రాగం లేదు. అలిసిపోయిన మనిషి మాట, అంతే. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వన్స్ మోర్ పడితే నటుడు ముందుకొచ్చి దణ్ణం పెట్టాలి. చంద్రరావు లేచాడు. వరసలో వాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి, తెర ముందు అరుగెక్కి, జనం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. మంద ఆయన తెల్లచొక్కా మీంచి నడిచిపోతోంది.

"ఎవరండీ అది! కనపడట్లేదు, తప్పుకోండి!" అని బెంచీల్లోంచి కేకలు మొదలయ్యాయి. చంద్రరావు కాలు అలవాటుకొద్దీ పక్కకి కదిలింది.

"తప్పుకోకండి!" అని అరిచింది సత్యలక్ష్మి. "ఈసారి మాత్రం తప్పుకోకండి!"

కదిలిన కాలు వెనక్కి తీసుకుని, మందంతా ఒడ్డెక్కేదాకా చంద్రరావు తెరకి అడ్డంగా అలాగే నించున్నాడు.