గంటమ్మ పిలవని పేరు

ఆమెను కోర్టులో అందరూ గంటమ్మ అంటారు. ఇరవయ్యేళ్లు పెద్ద కోర్టు గుమ్మంలో నిలబడి ముద్దాయిల పేర్లు పిలిచిన బంట్రోతు ఆమె. ఏ పేరైనా చివర “హాజరు” అని చేర్చి మూడుసార్లు పిలవడం అక్కడి ఆనవాయితీ. మొదటి పిలుపుకు వరండాలో కబుర్లు ఆగేవి. రెండో పిలుపుకు గేటు బయట టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టేవాడు. మూడోదాకా ఆగిన మొండిఘటాలు తక్కువ. “నీ గొంతుకి మైకు దండగ” అని లాయర్లు ఆటపట్టిస్తే, “మీ వాదనలకి జడ్జీ దండగే” అని తిప్పికొట్టేది.

తర్వాత అదే వరండాలో ఉన్న పిల్లల కోర్టుకు ఆమెను మార్చారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కేసులు విచారించే చిన్న గది అది. మొదటి రోజు అలవాటు చొప్పున ఒక పిల్లవాడి పేరు మూడుసార్లు పిలిచింది. పేరు వరండా చివరిదాకా వెళ్లింది. ఆ చివర, అద్దె తగాదాకు వచ్చిన ఆ పిల్లవాడి బడి మాస్టరు ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెల తిరిగేసరికి పిల్లవాడి తప్పేమీ లేదని తేలింది. బడిలో మాత్రం వాడి పేరుకు ముందు దొంగ అన్న మాట అతుక్కుపోయింది. వాళ్లమ్మ వచ్చి గంటమ్మ ఎదుట నిలబడింది.

“జడ్జిగారు వదిలేశారండీ. మీ కేకే వదల్లేదు.”

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం గంటమ్మ బీరువాలోంచి చట్టం పుస్తకం తీయించి ఒక కుర్ర లాయరమ్మ చేత చదివించుకుంది. కేసులో ఉన్న పిల్లల పేరు, బడి, ఇల్లు, వాళ్లెవరో తెలిసిపోయే ఏ ఆనవాలూ బయటపెట్టకూడదని ఉంది అందులో. “మళ్లీ చదువమ్మా” అంది. లాయరమ్మ మళ్లీ చదివింది.

మర్నాటి నుంచి ఆమె పేరు పిలవలేదు. పొద్దున్నే బెంచీల దగ్గరికి వెళ్లి ఏ నంబరు కేసు ఎవరిదో చెవిలో అడిగేది. పిల్లలు తలెత్తరు గనుక చెప్పులు గుర్తుపెట్టుకునేది. వంతు రాగానే వెళ్లి భుజం తట్టి “పదమ్మా” అనేది. మూడేళ్లు ఆ గొంతు గూట్లో దీపంలా అణిగి ఉంది.

అప్పుడు కొత్త పెద్ద గుమాస్తా వచ్చాడు. “ఈ భుజం తట్టుడేంటి? పెళ్లికి పిలుస్తున్నావా? ఇవాళ్టి నుంచి పద్ధతిగా పిలువు” అన్నాడు.

ఆ రోజు తొమ్మిదో నంబరు ఒక పదహారేళ్ల అమ్మాయి. నీలం చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు. అమ్మ వంట చేసే ఇంట్లో ఫోను పోతే ఈ పిల్ల మీదికి వచ్చింది. అమ్మాయి గంటమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

“అత్తా, ఎదురు బెంచీ మీద కళ్లజోడాయన నర్సింగ్ స్కూలు గుమాస్తా. వేరే కేసులో సాక్ష్యానికి వచ్చాడంట. సోమవారం నేను చేరాల్సింది అక్కడే. నా మొహం ఎరగడు. లిస్టులో నా పేరు రాసింది మాత్రం ఆయనే.”

గంటమ్మ ఆ వేళ్లు మెల్లగా విడిపించి, “కూర్చో” అంది.

“తొమ్మిదో నంబరు. పేరు పిలువు” అన్నాడు పెద్ద గుమాస్తా.

“పిలవనండి.”

“మెమో ఇస్తా.”

“కాయితమూ మీదే, సిరా కూడా మీదే. ఇచ్చుకోండి.”

“నువ్వు పిలవకపోతే కోర్టు ఆగుతుందా?” అంటూ అతనే ఫైలు తీసుకుని గుమ్మంలోకి నడిచాడు. పేరు చూసి ఊపిరి పీల్చాడు.

గంటమ్మ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది. మూడేళ్ల గొంతు లేచింది.

“చట్టం, హాజరు.”

కబుర్లు ఆగాయి.

“చట్టం, హాజరు.”

గేటు బయట ఎవరో గ్లాసు కింద పెట్టారు.

“చట్టం, హాజరు.”

పెద్ద గుమాస్తా నోరు తెరుచుకునే ఉంది, పేరు మాత్రం లోపలే ఉండిపోయింది. గదిలోంచి జడ్జిగారు లేచి వచ్చారు.

“ఆ పేరుతో నా దగ్గర కేసేమీ లేదే?” అన్నారావిడ.

“మీ బీరువాలో ఉందమ్మా” అంది గంటమ్మ. “పిల్లల పేర్లు బయటపెట్టకూడదని రాసుంది. ఈయన పెట్టబోతున్నారు.”

జడ్జిగారు పెద్ద గుమాస్తా చేతిలోని ఫైలు చూశారు. చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు. “ఎప్పటిలాగే తీసుకురా” అని లోపలికి వెళ్లిపోయారు.

గంటమ్మ నీలం చెప్పుల దగ్గర ఆగి భుజం తట్టింది. ఎదురు బెంచీ మీద కళ్లజోడాయన పక్కవాణ్ణి అడుగుతున్నాడు.

“ఎవరండీ ఈ చట్టం?”

“ఏమో, మూడుసార్లు పిలిచినా రాలేదు. పారిపోయినట్టున్నాడు.”

అమ్మాయి వాళ్ల ముందునుంచే తలెత్తి నడిచి వెళ్లింది.

సాయంత్రం మెమో రానే వచ్చింది. వరండాలో కేక వేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. గంటమ్మ బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

“కేక వేసిన మాట నిజం. పేరు పిలవని మాటా నిజం. రేపు కూడా పిలవను.”

కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదింది.