రాయకుండా ఉంచిన పేజీ

వైటూకే పనులు అయిపోయి, డాట్‌కామ్‌లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. సిడ్నీలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా దివాలా తీసింది. మొదటిరోజే తీసేసిన వాళ్లలో నేనొకణ్ణి.

ఆ తర్వాతి వారం టూంగాబీ స్టేషన్‌లో రైలెక్కితే నా పక్కన ఒక డచ్ పెద్దాయన కూర్చున్నాడు. కూతుర్ని చూడటానికి వచ్చాడట. తన దేశంలో దివాలా కేసుల లాయరట.

"ఇరవై ఏళ్లలో నాకు పనిలేని రోజు లేదు. కంపెనీ మునగగానే కోర్టు తాళాలు నాకిస్తుంది," అన్నాడు బిస్కెట్ నములుతూ.

నాకు కడుపు మండింది. మేం రోడ్డున పడితే ఈయనకి పని!

"మరి లెక్కలన్నీ తేలేదాకా స్టాఫ్‌లో ఎవర్ని ఉంచుతారు?" అనడిగాను.

"చేసే పని ఎక్కడా రాసిపెట్టనివాణ్ణి. వాడు లేకపోతే ఏదీ నడవదు. అన్నీ రాసిచ్చినవాణ్ణి వెంటనే పంపించేస్తాను."

నా పనంతా మాన్యువల్‌గా రాత్రింబవళ్లు కూర్చుని రాసిచ్చిన రెండు లావుపాటి ఫైళ్లు గుర్తొచ్చాయి. ఒక్క ముక్క కూడా రాయని మా టీమ్‌లోని రమేష్ ఇంకా ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాడు. ఆయన మీది కుళ్లంతా వాడి మీదికి మళ్లింది.

స్ట్రాత్‌ఫీల్డ్‌లో దిగుతూ ఆయన మిగిలిన బిస్కెట్లు నా చేతిలో పెట్టాడు.

తర్వాత మూడు ఉద్యోగాలు మారాను. ప్రతిచోటా మాన్యువల్ శ్రద్ధగా రాస్తాను. ఒక్క పేజీ మాత్రం రాయను.