కొండల కోసం కొన్న టైర్లు

ఆ రోజుల్లో నేను తారు రోడ్డు మీద బండి నడుపుతూ కొండల మీద బతికేవాణ్ణి. చేతిలో ఉన్నది మావయ్య పికప్ వ్యాను, వెనక ఉన్నది బెల్లం దిమ్మలు, ముందున్నది చోడవరం నుంచి అనకాపల్లి వెళ్ళే మామూలు రోడ్డు. నా కళ్ళకు మాత్రం పాడేరు ఘాటీ మలుపులు కనిపించేవి. అద్దం మీద మంచు పాకుతూ ఉండేది, వెనక కాఫీ బస్తాలు ఉండేవి. (ఆ బస్తాలు ఎవరివో, వాటిని నాకెవరు అప్పగించారో ఆ కలలో ఎప్పుడూ తేలలేదు.) డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ దొరక్క, ఫోనులో వాగులు దాటే బండ్ల వీడియోలు చూసుకుంటూ కూర్చున్న నన్ను లేపి స్టీరింగు ముందు కూర్చోబెట్టినవాడు మావయ్యే. ఆయన మా అమ్మకు అన్నయ్య. ఇంట్లో అందరూ నన్ను అచ్యుతాపురం వైపు ఏదో మందుల కంపెనీలో షిఫ్టు పనికి పంపాలని చూస్తుంటే ఆయనొక్కడే అడ్డం పడి, "కొన్నాళ్ళు బండి నడపనీయండి, ఈడి బుద్ధెలాగుందో సూద్దాం," అన్నాడు. అంటే బుద్ధి బాగుంటే బండి, లేకపోతే కంపెనీ. నాకు కంపెనీ అంటే భయం లేదు కానీ, దానికి కిటికీ ఉంటుందో ఉండదో అని ఒకటే బెంగగా ఉండేది.

మావయ్య గురించి ఇంకొక మాట చెప్పాలి. మా చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. హార్మోనియం ఆయనదే, చెవీ ఆయనదే. ఆ చెవి ఎలాంటిదంటే, అత్త వంటింట్లో కుక్కరు కూత వేస్తే "అర స్వరం తక్కువుందే," అనేవాడు. బస్సు హారను శ్రుతిలో లేకపోతే దారి ఇచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి మేనల్లుణ్ణయి ఉండి కూడా నాకు పాట రాదు. నేను గొంతు విప్పితే ఆయన ముఖం పంటి నొప్పి వచ్చినట్టు అయిపోయేది, అందుకని నన్ను బృందంలో చేర్చుకోకుండా బృందాన్ని మోసే బండికి డ్రైవరుగా పెట్టుకున్నాడని మా ఇంట్లో ఒక వాదం ఉండేది.

బండి టైర్లు నాలుగూ అరిగి అరిగి మా తాతయ్య నెత్తిలా నున్నగా అయిపోయాయి. ఒక వాన రోజున బస్టాండు దగ్గర బ్రేకు వేస్తే బండి ఆగుదామా వద్దా అని కాసేపు ఆలోచించి, మెల్లగా జారుకుంటూ వెళ్ళి ఒక జామకాయల బండికి ముద్దు పెట్టింది. ఆ సాయంత్రం మావయ్య నన్ను పిలిచి, "టైర్లు మార్సేద్దాం. ఏవి ఎయ్యాలో నువ్వే సూడు. నడిపేది నువ్వు కదా," అన్నాడు. నా జీవితంలో ఒక పెద్దమనిషి నా అభిప్రాయం అడగడం అదే మొదలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టిన కాస్త నిద్రలోనూ బండి నిలువునా ఒక కొండ ఎక్కేసింది.

టైర్ల షాపు ఆసామిని అందరూ గాలి బాబాయి అనేవారు. ఆవలింతకూ ఆవలింతకూ మధ్య వ్యాపారం చేసే మనిషి. ఆయన దగ్గర మా బండికి సరిపోయేవి రెండు రకాలున్నాయి. ఒకటి, నిలువు గీతలున్న టైరు. తారు రోడ్డుకు అది చాలు, చప్పుడు చేయదు, ఎక్కువ కాలం మన్నుతుంది, చూడ్డానికి మాత్రం బడిపిల్లల రూళ్ళ పుస్తకంలా ఉంటుంది. రెండోది లగ్ టైరు. పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు లేచి, బురదలోనూ రాళ్ళలోనూ గట్టిగా పట్టు దొరికేలా చేసింది. నేను దాని ముందు నిలబడిపోయాను. అది షాపు మూల నుంచి నన్ను పేరుపెట్టి పిలిచినట్టే అనిపించింది.

"బండి ఎక్కడ తిరుగుద్ది బాబూ?" అని అడిగాడు గాలి బాబాయి.

"అన్ని సోట్లా," అన్నాను.

"అన్ని సోట్లా అంటే?"

"అంటే కొండలూ, వాగులూ, గెడ్డలూ..."

ఆయన ఆవలింత మధ్యలో ఆపేసి బయటున్న బండిని చూశాడు. "ఇది మీ మావయ్య బెల్లం బండే కదేటి? గెడ్డలోకి బెల్లం ఏటికి బాబూ, పానకం సెయ్యడానికా?"

నేను దిమ్మల టైరు మీద చెయ్యేశాను. ఆయన మళ్ళీ ఆవలించి, జాకీ తెమ్మని లోపలికి కేకేశాడు. టైర్లు ఎక్కాక బండిని ముందు నుంచి చూశాను, పక్క నుంచి చూశాను, రోడ్డు అవతలికి వెళ్ళి టీ తాగుతూ చూశాను. పొద్దుటి దాకా పిల్లిలా ఉన్నది పులి అయిపోయింది. నాకు కళ్ళు చెమర్చాయంటే మీరు నవ్వుతారు, కానీ చెమర్చాయి.

బండి కదిలాక తెలిసింది, ఆ టైర్లు పాడతాయని. నెమ్మదిగా పోతే తుమ్మెదలా, వేగం పెరిగితే ఎవరో నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు "ఊఁ..." అని ఒకటే నాదం. నున్నటి తారు మీద ఆ దిమ్మలు టపటపా పడి లేవడం వల్ల వచ్చే చప్పుడది. నాకు జోలపాటలా ఉండేది. చెరకు తోటల మధ్య పొద్దున్నే పోతుంటే, తెల్లటి చెరకు పూతంతా ఆ నాదానికే ఊగుతున్నట్టు ఉండేది. మావయ్య మాత్రం మొదటి రోజు పక్కన కూర్చుని ఊరు దాటేలోపే చెవులు మూసుకున్నాడు. "ఒరే అల్లుడూ, ఇదేటిరా? బండెక్కేనా, రైసుమిల్లులో కూకున్నానా?" అన్నాడు. డీజిలు ఎక్కువ తాగుతోందని తేలాక ముఖం ఇంకా ముడుచుకున్నాడు. "ఒక్క వారం సూస్తాను. ఆ తర్వాత టైర్లు పోతాయో, నువ్వు కంపెనీకి పోతావో తేల్సేద్దాం."

ఆ వారంలోనే మా బృందంలో పాడే అమ్మాయికి దేవరాపల్లిలో పెళ్ళి. పెళ్ళికూతురు చర్చి గుమ్మం నుంచి ముందుకు నడిచి వచ్చేటప్పుడు మనవాళ్ళే పాడాలని మావయ్య పట్టుదల. మగపెళ్ళివారి ముందు మన ఊరి మర్యాద కదా. బండి వెనక పరుపు వేసి, హార్మోనియాన్ని దాని మీద పడుకోబెట్టి, బృందమంతా చుట్టూ కూర్చున్నారు. మావయ్య కూడా వాళ్ళతోనే ఎక్కాడు (ముందు సీట్లో అయితే నాతో మాట్లాడాల్సి వస్తుందని). దారి పొడవునా పాట సాధన చేసుకుంటూనే ఉన్నారు. రైవాడ రిజర్వాయరు వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. వెనక పాట, కింద టైర్లు, మధ్యలో నేను. ఆ ప్రయాణం ఎప్పటికీ అయిపోకూడదనుకున్నాను.

అయిపోయింది. దిగి హార్మోనియం తెరిచి మెట్లు నొక్కితే స్వరం రాలేదు, ఆయాసపడే మనిషిలా "ఉఫ్" మని గాలి వచ్చింది. కొత్త టైర్ల అదురుకు లోపలి గాలితిత్తి పాత అతుకు దగ్గర చిరిగిపోయింది. మావయ్య హార్మోనియాన్ని చూడలేదు. వంగి టైర్లను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నీ టైర్లు తగలెయ్యా! తాళం ఇటియ్యి. రేపొద్దున్నే కంపెనీకి ఎల్లిపో."

ఇచ్చేశాను. తాళం చెయ్యి దాటగానే ఘాటీ మలుపులూ మంచూ బస్తాలూ అన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. చర్చి వెనక చింతాకంత నీడలో నిలబడి, బృందం పాటెత్తడానికి పడుతున్న అవస్థ వింటూ ఉండిపోయాను. ఒకరు పాతాళంలో మొదలుపెడితే ఇంకొకరు గాలిపటంలా పైనెక్కడో ఉన్నారు. లోపల పెళ్ళికూతురు సిద్ధంగా ఉందని కబురొచ్చింది. అప్పుడు మా వీధి పిన్ని ఒకావిడ (గొంతు బాగా సన్నం, అందుకని కీచు పిన్ని అనేవాళ్ళం) మెల్లగా అంది: "వస్తన్నప్పుడు సక్కగానే పాడేం కదన్నయ్యా. అప్పుడు మాత్రం హార్మోనియం ఎవరు వాయించేరు?"

మావయ్య గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "అవునే. మరి దేన్ని పట్టుకుని పాడేం?" అన్నాడు. అందరి కళ్ళూ ఒకేసారి బండి చక్రాల మీదికి వెళ్ళాయి.

తాళం మళ్ళీ నా చేతిలో పడింది. "ఒరే అల్లుడూ, బేగి ఎక్కు. సర్చి ముందు రోడ్డు మీద ఇటూ అటూ తిరుగు. ముల్లు యాభై మీదే ఉండాల, దాటకు, తగ్గకు. నీకు దణ్ణం పెడతాను." ఆయన నాకు దణ్ణం పెట్టడం కూడా అదే మొదలు.

అలా ఒక పెళ్ళికి శ్రుతిపెట్టెనయ్యాను. చర్చి రోడ్డును ఆనుకునే ఉంది, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచే ఉన్నాయి. నేను "ఊఁ" అంటూ దాటిపోగానే వాళ్ళు అందుకునేవారు. చరణం అయ్యేసరికి పాట కాస్త కాస్తగా జారిపోతుంటే నేను మళ్ళీ వచ్చేసేవాణ్ణి. పోయిన ప్రతిసారీ గుమ్మంలోంచి ఒక్క క్షణం పెళ్ళికూతురు కనిపించేది. ముందు గుమ్మం దగ్గర, తర్వాత బల్లల మధ్య, ఆ తర్వాత ఇంకాస్త లోపల, తెల్లటి ముసుగుతో. పాట కూడా అలాగే ముక్కలు ముక్కలుగా చెవిన పడేది. అంత మంచి పెళ్ళి నేను మళ్ళీ చూడలేదు, అసలు ఆ పెళ్ళినీ సరిగ్గా చూడలేదు.

మూడో చరణానికి ఒక గేదె రోడ్డు దాటింది. బ్రేకు వేశాను. టైర్ల నాదం కిందికి జారింది, లోపల పాటా దానితో పాటు గోతిలోకి దిగింది. కంగారుపడి ఒక్కసారి తొక్కేసరికి నాదం లేచింది, అందరూ దాన్ని పట్టుకుని ఎక్కలేక మధ్యలో ఆగిపోగా కీచు పిన్ని ఒక్కతే శిఖరం మీద మిగిలింది. ఇక కంపెనీయే అనుకున్నాను. కానీ భోజనాల దగ్గర మగపెళ్ళివారి పెద్దాయన మావయ్య చెయ్యి పట్టుకుని, "ఆ దిగడం, ఎక్కడం... ఒళ్ళు జలదరించిందండీ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ బండోడెవడో మరి, దారి తప్పేడేటో, ఒకటే తిరుగుడు," అన్నాడు.

"మావోడే," అన్నాడు మావయ్య. "శ్రుతి ఏస్తన్నాడు."

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని, టైర్ల నాదంలోకి తన గొంతు కలిపి సన్నగా కూనిరాగం తీశాడు. ఊరు దగ్గర పడ్డాక కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఈ టైర్లు అరిగేదాకా బండి నువ్వే నడుపు. తర్వాత సంగతి తర్వాత సూద్దాం."

నాకు రెక్కలు వచ్చాయి. ఇంటికొచ్చాక ఒక విషయం గుర్తొచ్చి రెక్కలు ముడుచుకున్నాయి. ఆ దిమ్మల టైర్లు తారు మీద త్వరగా అరిగిపోతాయి! ఇక చూడండి నా తిప్పలు. బ్రేకు వేయాల్సి వస్తుందని దూరం నుంచే బండిని బుజ్జగించేవాణ్ణి. మలుపుల్లో పూలసజ్జ మోస్తున్నట్టు తిప్పేవాణ్ణి. సాయంత్రం కాగానే చక్రాల ముందు చతికిలబడి బొటనవేలితో దిమ్మలు తడిమి చూసుకునేవాణ్ణి. "ఏటి బాబూ, బెల్లం తెస్తన్నావా, బాలింతని తెస్తన్నావా?" అనేవారు అనకాపల్లిలో. ఒకసారి ఏదో పెళ్ళికి అద్దె కుర్చీలు దించడానికి మాడుగుల వెళ్ళినప్పుడు కొండలు ఎదురుగా నీలంగా నిలబడి ఉన్నాయి. బండిని వాటి వైపు తిప్పి, టైర్లకు కొండ చూపించి, వెనక్కి వచ్చేశాను. పైకి పోతే రాళ్ళకు అరిగిపోతాయి కదా.

ఎంత బుజ్జగించినా రబ్బరు రబ్బరే. నాదం రోజురోజుకూ సన్నబడి, ఒకనాటికి వినిపించడం మానేసింది. మావయ్య ఈసారి తనే నాతో షాపుకు వచ్చాడు. మూల ఉన్న దిమ్మల టైరు మీద చెయ్యి ఆనించి నిలబడి, "సెప్పరా, ఏవి ఏయిద్దాం?" అని అడిగాడు. దారంతా ఆ జవాబే వల్లించుకుంటూ వచ్చాను. స్టీరింగును నా చేతిలో నిలబెట్టే జవాబు అదొక్కటే.

"గీతలవే ఏయించు మావయ్యా. మనం తిరిగేది తారు రోడ్డే కదా."

"అంతేనంటావా?"

"అంతే."

"పెద్దోడివైపోయేవురా," అన్నాడు. చెయ్యి మాత్రం ఆ టైరు మీద నుంచి వెంటనే తీయలేదు. తాళం నా దగ్గరే ఉండిపోయింది, కంపెనీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు సొంత బండి ఉంది. గీతల టైర్లు, చప్పుడు లేదు, డీజిలు తక్కువ తాగుతుంది. మావయ్య ఇప్పటికీ పాడిస్తున్నాడు. మొన్నెప్పుడో మాటల మధ్యలో అడిగాను, "ఆ రోజు షాపులో మళ్ళీ దిమ్మలవే కావాలంటే ఏం చేసేవాడివి?" అని. కంపెనీకి తోలేసేవాణ్ణిరా అంటాడనుకున్నాను.

"ఏయించేవోణ్ణి," అన్నాడు. "అవేసుకుని ఇద్దరం పాడేరు ఎల్దామనుకున్నాను. కొండల్లో ఆ నాదం ఎలాగుంటాదో ఇనాలని నాకెంత ఉండేదో. నువ్వే అడగనేదు."

గంభీరంగా ముఖం పెట్టి తప్పు లేని జవాబు చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, వాడు ఎంత జాగ్రత్తగా నడిపాడో!