స్టోర్ రూమ్‌లో ఎనిమిదేళ్ల పిల్లాడు

దుబాయ్‌లోని సత్వాలో మేం నలుగురు ఆడవాళ్లం కలిసి ఉంటున్న ఫ్లాట్‌కి ఒకరోజు పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, లోపల దాచిపెట్టిన పిల్లాడిని బయటికి తీసుకురమ్మన్నాడు. "బచ్చా కిధర్ హై? రోజ్ రోతా హై" అంటూ వంగి మంచాల కింద వెతికాడు. పిల్లల్ని ఉంచుకోవడానికి వీల్లేని ఫ్లాట్ అది. నాతో ఉండే ముగ్గురూ మా గోదావరి జిల్లావాళ్లే, అరబ్బుల ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. నా వైపు చూసి చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇక చేసేది లేక నేను ఆయన ఎదురుగానే నిలబడి, ఎనిమిదేళ్ల పిల్లాడి గొంతుతో "అమ్మా, ఆకలేస్తోందే" అని ఏడ్చాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు, పాపిట దగ్గర జుట్టు నెరిసింది. వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి, ఏదో ప్రార్థన గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా జేబులోంచి చాక్లెట్ తీసి "బచ్చే కే లియే" అని ఇచ్చేవాడు. నేను మొహమాటపడకుండా తీసుకునేదాన్ని.

పిల్లాడిలా ఏడవడం నా వృత్తి, ఇంట్లో రోజూ సాధన చేసేదాన్ని. పెళ్లికి ముందే మద్రాసు డబ్బింగ్ థియేటర్లలో గుంపులో నిలబడి గోల చేయడంతో మొదలుపెట్టాను. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలూ, జ్వరం తగిలిన పిల్లలూ, విలన్ ఎత్తుకుపోయిన పిల్లలూ అందరూ నా గొంతులోంచే ఏడ్చారు. తర్వాత మా ఆయనకి అబుదాబీ అవతల రువైస్ రిఫైనరీలో ఉద్యోగం వచ్చింది గానీ ఫ్యామిలీ క్వార్టర్ రాలేదు. ఆయన అక్కడా, నేను సత్వాలో. శుక్రవారం సెలవుకి గురువారం సాయంత్రం ఆయన బస్సు దిగేదాకా నా సంసారమంతా ఆ పిల్లాడితోనే.

ఆ పిల్లాడు జపాన్ కార్టూన్‌లో పిల్లాడు. అల్ ఖూజ్‌లో టైర్ల గోడౌన్‌కీ, ఏసీలు బాగుచేసే షెడ్డుకీ మధ్య ఇరుక్కున్న చిన్న స్టూడియోలో వాడికి తెలుగు నేర్పేవాళ్లం. బయట లారీ రివర్స్ తీసినప్పుడల్లా రికార్డింగ్ ఆగిపోయేది. వాడు హోంవర్క్ చెయ్యడు, మిఠాయి దొంగతనం చేస్తాడు, దొరికిపోతే తల్లి కొంగు పట్టుకుని ఏడుస్తాడు. ఎన్ని ఎపిసోడ్లు గడిచినా మూడో క్లాసు దాటడు. నాకు పిల్లల్లేరు. ఆ లోటు వాడు తీర్చాడని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

స్టూడియో యజమానిది నెల్లూరు. అందరూ అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరుగారు, అనేవాళ్లు, ఆయన కూడా అలా అనిపించుకోవడానికే దుబాయ్ వచ్చినట్టుండేవాడు. పెళ్లిళ్ల వీడియోలు తీసి పైకొచ్చిన మనిషి కావడంతో మొహం ఒక్కటే ఆయన శాస్త్రం. గొంతు కూడా మొహంలోంచే వస్తుందని గట్టి నమ్మకం.

ఆ మాటకొస్తే ఆయన నమ్మకాలతో నాకు పనిలేదు, జపాన్ కంపెనీవాళ్ల నుంచి కబురు వచ్చేవరకూ. అక్కడ ఆ పిల్లాడికి మొదటినుంచీ గొంతు ఇస్తున్న నటీమణి ఏదో ఎగ్జిబిషన్ కోసం దుబాయ్ వస్తోందట. పనిలో పనిగా తెలుగు పిల్లాడిని చూసి, విని, సరేనంటేనే తర్వాతి భాగాలు మన చేతికి ఇస్తారట. ముదీర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"అక్కా, నువ్వేమీ అనుకోబాక. ఆమె జపాన్ యాక్టరు. ఎంత స్టైలుగా ఉంటాదో! నిన్ను చూపిస్తే కాంట్రాక్టు ఖలాస్. మా మరదల్ని అద్దాల గదిలో నిలబెడతా. అది నోరాడిస్తాది, నువ్వు స్టోర్ రూమ్‌లోంచి మాట్లాడు. ఒక్క రోజే గదా!"

అంటే డబ్బింగ్ చెప్పేదానికి డబ్బింగ్ చెప్పాలన్నమాట. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత ప్రమోషన్ నేను ఊహించలేదు. కానీ నవ్వు వెంటనే దిగిపోయింది. ఆవిడ సరేనన్న మనిషే పిల్లాడికి హక్కుదారు అవుతుంది. ఒక్క రోజు అంటున్నారు గానీ, ఆ రోజు తర్వాత కాగితం మీద పిల్లాడు మరదలి వాడు, నేను శాశ్వతంగా స్టోర్ రూమ్ దాన్ని. కాదంటే అదీ ఉండదు. మా రికార్డిస్టు హైదరాబాద్ అతను, అక్కని ఆపా అంటాడు. గోడ పక్కన కేబుల్‌కి టేపు అంటిస్తూ "ఆపా, నువ్వు పరేషాన్ కాకు. నేనున్న గదా" అన్నాడు. నేను పరేషాన్ అయ్యాను. పిల్లాడిని పోగొట్టుకుంటానన్న భయంతో ఆ వారం అన్నం సరిగా సహించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మైకు ముందుకి వెళ్లేటప్పుడు మోగుతాయని గాజులు తీసెయ్యడం మా వృత్తిలో మొదటి నియమం. మా అత్తగారు మాత్రం ముత్తైదువ చెయ్యి బోసిగా ఉండకూడదని పెళ్లిలోనే ఒట్టు వేయించుకున్నారు. మైకునీ, అత్తగారినీ నొప్పించలేక నేను గాజుల మీద చేతిరుమాలు బిగించి కట్టుకుంటాను. ఆ రోజూ అలాగే కట్టుకుని, చెప్పులు విడిచి, స్టోర్ రూమ్‌లో పేపర్ కప్పుల అట్టపెట్టెల మధ్య నిలబడ్డాను. గుమ్మం ఎదురుగా ముదీర్ పూలగుచ్ఛంతో నిలబడటం తలుపు సందులోంచి కనిపించింది.

ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. ఒకమ్మాయి సూటూ బూటూ వేసుకుని తళతళలాడుతోంది. ఆమె వెనకాల పొట్టిగా, తెల్లజుట్టుతో, వదులు నూలు చొక్కా, గుడ్డ బూట్లతో ఒక ముసలావిడ. ముదీర్ తడుముకోకుండా పూలు అమ్మాయికి ఇచ్చి, శాలువా కప్పి, మీ గొంతుకి మా నెల్లూరంతా అభిమానులే అని ఇంగ్లీషులో చెప్పాడు. అమ్మాయి చేతులు అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పబోయింది. అది వినయం అనుకుని ఇంకా ముగ్ధుడయ్యాడు. ముసలావిడకి వాటర్ కూలర్ పక్కన ఒక స్టూలు చూపించి, చేతిలో కరక్ చాయ్ పెట్టారు. ఆవిడ తలవంచి దండం పెట్టి, బుద్ధిగా కూర్చుని తాగింది. అంతలో స్టోర్ రూమ్ తలుపు మూసేశారు. తర్వాతి సంగతి రికార్డిస్టు చెప్పగా విన్నది.

మరదలు పిల్ల పెళ్లికి వెళ్తున్నట్టు తయారై వచ్చిందట, మోచేతిదాకా గాజులు. మిఠాయి దొంగిలించి దొరికిపోయే సీను వేశారు. హెడ్‌ఫోన్‌లో సిగ్నల్ రాగానే నేను ఏడుపు అందుకున్నాను. అద్దాల గదిలో ఆ పిల్ల నోరాడిస్తే చాలుగా, ఉత్సాహం ఆగక చేతులు కూడా తిప్పేసింది. ముసలావిడ కళ్లు మూసుకుని వింటోందట. కళ్లు తెరిచింది. లేచి అద్దం దగ్గరికి వచ్చి, ఒక మాట అంది.

"ఆ గాజులు ఎందుకు మోగడం లేదని మా మేడమ్ అడుగుతున్నారు" అంది సూటు అమ్మాయి. అప్పటికి గానీ మేడమ్ ఎవరో, దుబాసీ ఎవరో ముదీర్‌కి అర్థం కాలేదు.

అర్థమైనా ఆయన తగ్గే రకం కాదు. "దుబాయ్ గోల్డ్ మేడమ్. ప్యూర్. సౌండ్ రాదు" అన్నాడట.

ఆ పిల్ల భయపడి నోరు మూసేసింది. నన్ను ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అద్దాల గదిలో మూసిన నోరు మూసినట్టే ఉండగా, స్పీకర్లలో పిల్లాడు "ఇంకెప్పుడూ తిననే అమ్మా" అని వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉన్నాడు. ఆవిడ నేల మీద టేపు అంటించిన కేబుల్ చూసింది. దాని వెంటే నడుచుకుంటూ వచ్చి స్టోర్ రూమ్ తలుపు తీసింది.

కన్నీళ్లు కారుతూ, నోరు అష్టవంకర్లు పెట్టి, కప్పుల పెట్టెల మధ్య నేను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆవిడ నా మొహం చూడలేదు. చేతిరుమాలు చూసింది. అది వేలితో తాకి, కింద గాజులు పట్టి చూసి, పకపకా నవ్వింది. తర్వాత తన చెయ్యి చాపి చూపించింది. పెళ్లి ఉంగరానికి తెల్ల నూలుదారం చుట్టి ఉంది, కాగితాలు తిప్పేటప్పుడు చప్పుడు కాకుండా. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఈసారిది నా సొంత ఏడుపు.

అక్కడే అట్టపెట్టెల మీద కూర్చున్నాం. దుబాసీ అమ్మాయి శాలువాతోనే గుమ్మంలో నిలబడి ఆవిడ మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ మొదట కుక్కలకీ, చంటిపిల్లలకీ గొంతిచ్చి అరిచేదట. ముప్పై దాటాక ఈ పిల్లాడు దొరికాడు. భర్త చనిపోయిన వారంలోనే వాడు కార్టూన్‌లో పిక్నిక్‌కి వెళ్లాల్సి వచ్చిందట. ఆవిడ వెళ్లి వాడి నవ్వు నవ్వి వచ్చింది. ఒక కొత్త నిర్మాత, ఇక వయసైంది, ఎవరైనా పడుచుపిల్లకి ఇచ్చేద్దామన్నాడట.

"తర్వాత?" అన్నాను.

"ఆయన రిటైరయ్యాడు. పిల్లాడు ఇంకా మూడో క్లాసులోనే ఉన్నాడు."

అని, చటుక్కున ఆవిడ గొంతు మార్చింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి నోట్లోంచి ఆ వెధవ పలికాడు. భాష తెలియకపోయినా, మిఠాయి అడుగుతున్నాడని నాకు తెలిసిపోయింది. నేనూ వాడి గొంతుతోనే "నాకు కూడా సగం పెట్టరా" అన్నాను. ఇద్దరం పిల్లలమైపోయి కాసేపు పోట్లాడుకున్నాం. గుమ్మం దగ్గరికి వచ్చిన మరదలు పిల్ల నా చెవిలో "అక్కా, నీ పిల్లోణ్ణి నువ్వే ఉంచుకో. నాకు దవడలు పీకతండాయి" అంది. పాపం, దానికి మొదటినుంచీ ఇష్టం లేదు.

వెళ్లేముందు ఆవిడ, స్టోర్ రూమ్‌లో ఉన్నావిడే పిల్లాడు అని ఖరారు చేసింది. ముదీర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా పోనివ్వలేదు. "సర్‌ప్రైజ్ కోసమే దాచిపెట్టాను మేడమ్" అన్నాడు. యల్లా, రండి రండి, ఫొటో అంటూ అందరినీ వరసలో నిలబెట్టి, కెమెరా నా చేతికిచ్చాడు. ఖరారైనా నా మొహం మీద ఆయన అభిప్రాయం మారలేదు. ఆవిడ వరసలోంచి బయటికి వచ్చి, నా చేతిలో కెమెరా లాక్కుని, భుజం పట్టి నన్ను మధ్యలోకి తోసి, ఫొటో తనే తీసింది.

మేం దుబాయ్ వదిలిపెట్టేవరకూ పిల్లాడు నాతోనే ఉన్నాడు. ఆ ఫొటో కూడా ముదీర్ గదిలో, ఆయన కుర్చీ వెనకాలే ఉండేది. మధ్యలో రుమాలు కట్టిన చేతులతో నేను, పక్కన శాలువాతో దుబాసీ అమ్మాయి. జపాన్ నటీమణి ఎవరని ఎవరైనా అడిగితే ఆయన శాలువా అమ్మాయినే చూపించేవాడు. నేనెప్పుడూ కాదనలేదు. ఆవిడ ఆ ఫొటోలో లేదని నాకు తెలుసు, నేనెందుకు ఉన్నానో కూడా తెలుసు.